చివర ఎక్కితే ముందు దిగుతుంది

పెళ్లయిన ఇరవై ఒక్క ఏళ్లలో హైదరాబాద్‌లోనే ఏడు ఇళ్లు మారాం. మొదటిసారి మారినప్పుడు రాత్రే సామానంతా బండికెక్కించి, తెల్లారకముందే కొత్త ఇంటికి చేరాం. ఆరున్నరకు పాలు పొంగించాలి. తీరా చూస్తే స్టవ్వు డీసీఎం లోపలి మూలన, బీరువా వెనకాల ఇరుక్కుని ఉంది. పక్కవాటా ఆవిడ, అప్పటికింకా పేరైనా తెలియదు, తన స్టవ్వు సిలిండరుతో సహా తెచ్చిపెట్టింది. పాలైతే పొంగాయి. మా అత్తగారు ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ రోజు నుంచి సర్దడం తిరగేసి మొదలుపెడతాను. పాత ఇంట్లో ఏముందని కాదు, కొత్త ఇంట్లో మొదటి రాత్రికి ఏం కావాలని ముందు రాసుకుంటాను. స్టవ్వు, లైటరు, పాలగిన్నె, టీపొడి, పంచదార, చాకు, స్క్రూడ్రైవరు, రెండు బల్బులు, బకెట్టు, మగ్గు, దుప్పట్లు, మందులు, చార్జర్లు. చీపురు కొత్తదే కొంటాం, పాతది తేకూడదంటారు కదా. ఇవన్నీ ఉన్న పెట్టెలు బండిలో చివర ఎక్కాలి. అప్పుడే ముందు దిగుతాయి.

ఆషాఢం రాకముందే మారితే మంచిది. శ్రావణం దాకా ఆగితే అందరూ అవే నాలుగు ముహూర్తాలకు పరిగెడతారు, బండివాళ్ల రేట్లు చెట్టెక్కుతాయి. అపార్ట్‌మెంట్ అయితే లిఫ్ట్ ఎన్ని గంటలకు ఇస్తారో, బీరువా అందులో పడుతుందో లేదో ముందే కనుక్కోండి.

పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే సర్దాలి. పెద్దదాంట్లో నింపితే మోసేవాళ్ల నడుమైనా విరుగుతుంది, పెట్టె అడుగైనా ఊడుతుంది. పాత చీరలు ఎలాగూ మోయాల్సినవే, గాజు సామాను వాటిలోనే చుట్టండి. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టండి. మంచం విప్పాక బోల్టులన్నీ ఒక కవర్లో వేసి ఆ మంచం కోడుకే కట్టేయాలి. ఫ్రిజ్ ముందురోజు రాత్రే ఆపి, మంచు కరిగించి తుడిచిపెట్టాలి. పడుకోబెడితే కంప్రెసర్లోని నూనె గొట్టాల్లోకి పోతుంది కాబట్టి నిలబెట్టే తీసుకెళ్లాలి. దించాక రెండు మూడు గంటలాగి స్విచ్ వేయాలి.

కాగితాల పని విసుగే, తప్పదు. ఊళ్లోనే మారితే గ్యాస్ ఏజెన్సీలో బదిలీకి చెబితే చాలు. ఊరు దాటితే సిలిండర్, రెగ్యులేటర్ అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, టర్మినేషన్ వోచర్ భద్రంగా పెట్టుకోవాలి. ఖాళీ చేసే రోజు కరెంటు మీటర్ రీడింగును ఫోన్‌లో ఫొటో తీసి ఇంటి ఓనరుకు పంపండి. అడ్వాన్సు లెక్క దగ్గర ఆ ఒక్క ఫొటో మాకు ఒకసారి పెద్ద వాదన తప్పించింది.

ఇంత తెలిసీ నాలుగో ఇంటికి వెళ్లేటప్పుడు ఆవకాయ జాడీని బండిలో పెట్టించాను. వాసెన గుడ్డ కట్టాను కదా అన్న ధీమా. మలుపులో అది ఒరిగి, నూనె పిల్లల పుస్తకాల పెట్టెలోకి కారింది. ఆ ఏడాదంతా మావాడి లెక్కల పుస్తకం ఆవపిండి వాసనే. ఆ తర్వాత మారిన మూడుసార్లూ జాడీ నా ఒళ్లోనే, ఆటోలో.

ఈ శ్రావణంలో మారబోతున్నారా? జాడీ ఎవరి ఒళ్లో కూర్చుంటుందో ఇప్పుడే తేల్చుకోండి.