కార్డులు తెచ్చు దారి

పులుల గణన జరుగు రోజులలో అడవినందలి కెమెరాలకు మెమరీ కార్డులు మార్చుటకు బయలుదేరు సిబ్బంది ఏ గుట్టకడ మొదలిడి, ఏ వాగు దాటి, చీకటి పడకమున్ను ఎచటికి చేరవలెనో ముందుగా నిశ్చయించుకొనుట సామాన్యకార్యముగా తోచును గాని, అది గణితవేత్తలను సైతము దశాబ్దములుగా వేధించుచున్న సమస్య. పది చోట్లను చుట్టి బయలుదేరిన చోటికే మరలుటకు 1,81,440 మార్గములు కలవు. చోట్లు పదునైదైనచో ఆ సంఖ్య 4,358 కోట్లు దాటును. 2018 నాటి దేశవ్యాప్త గణనలో కెమెరాలుంచిన చోట్లు 26,838.

వైర్‌లెస్ సెన్సార్లను పాతినచో ఈ నడక తప్పునుగదా యని అడుగువారు కలరు. ఒకదాని వార్తను మరియొకటి అందుకొని పంపు వ్యవస్థలో, కేంద్రమునకు చేరువనున్నవి తమ వార్తతోపాటు వెనుకవాని వార్తనంతయు మోసి, అన్నింటికంటె ముందు బ్యాటరీ పోగొట్టుకొనును. అవి మూగపోయినంతనే దూరపువి పనిచేయుచుండియు నిష్ప్రయోజనములగును. కాబట్టియే సేకరించు మనిషినో వాహనమునో వాని యొద్దకే పంపు పద్ధతి పుట్టినది. కెన్యాలో 2004లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమువారు జీబ్రాల మెడలకు పట్టీలు కట్టి, అవి చేరువైనపుడు తమలో తాము సమాచారము పంచుకొనునట్లు చేసిరి. జీపులో తిరుగు పరిశోధకునికి కొన్ని జంతువులు తారసపడినను, తారసపడనివాని జాడ సైతము వానివద్ద దొరకును.

ఇట్టి సేకరణలో సెన్సారును ముట్టనక్కరలేదు, దాని సంకేతమందు వలయమున అడుగిడినచాలును. అయితే మా పినపాక, కరకగూడెం, గుండాల అడవులవంటి చోట ఆ వలయము స్థిరమైనది కాదు. వేసవిలో టేకు ఆకు రాల్చి అడవి బోసిపోయినపుడు దూరమునుండి అందు సంకేతము, వానకాలమున తడిసిన ఆకుల గుబురులో చేరువకు పోయినగాని అందదు. దారులును అట్టివే. 2022 జూలైలో భద్రాచలమున గోదావరి 71 అడుగులు దాటినది. నది అంతగా పొంగినపుడు అందు కలియవలసిన వాగులు ఎదురుపోటెత్తి, పటముపై అంగుళమంత దూరమును దాటరానిదిగా చేయును. వాగును తెల్లని కాగితముపై నీలిగీతగా మాత్రమే ఎరిగిన పథకము నాకు సమ్మతము కాదు.

ఇక కెమెరాల యొద్దకు పోవు క్రమము విషయమును చూడుడు. పులి రెండు పార్శ్వములందలి చారలు వేరువేరుగా నుండుటచేత బాటకు ఇరువైపుల ఒక్కొక్క కెమెరాను చెట్టుకు కట్టుదురు. ఎదుట ఏపుగా పెరిగిన గడ్డి ఎండలో వేడెక్కి గాలికి ఊగినచో, కెమెరా దానినే జంతువని భ్రమించి మరల మరల చిత్రించుటచేత కార్డు త్వరగా నిండిపోవును. అటుపిమ్మట నిజముగా పులి నడచినను దాని గుర్తు మిగులదు. కాబట్టి సమీపమున నున్నదానికంటె గడ్డి మొలచిన చోటికే ముందు పోవలెను. పోయినవాడు కార్డు మార్చి, బ్యాటరీ చూచి, కటకముపై సాలెగూడు తుడిచి, ఆ గడ్డిని కొడవలితో కోసి రావలెను. ఈ అరగంట పని ఏ దూరపు లెక్కలోను చేరదు.

ఇట్టి అడవి బీటులో ఏండ్ల తరబడి తిరిగిన కోయ వాచరుకు ఇదియంతయు తెలిసియే యుండును. కంప్యూటరును కాదనను, కోట్ల మార్గములను వడపోయుట మనుష్యునికి సాధ్యము కాదు. అయితే దానికి కిలోమీటర్లకు మారుగా, ఆ వాచరు చెప్పు గంటలను ఇయ్యవలెను; అవియు వేసవికి వేరు, వానకాలమునకు వేరు. ప్రతి విడత ముగిసినపిమ్మట ఆ గంటలను ఆతని ఎదుటనే దిద్దవలెను.