హాస్యం – ఆక్షేపణ: నిమ్మలకుంట తోలుబొమ్మలాట, ‘చింతామణి’ నిషేధం ఆధారంగా ఒక పరిశీలన

నాట్యశాస్త్రం చివరి భాగంలో ఒక కథ ఉంది. భరతుని పుత్రులు మునులను అనుకరిస్తూ హాస్యప్రయోగం చేయగా, మునులు కోపించి వారిని శూద్రాచారులు కమ్మని శపించారు. నొప్పించే హాస్యానికి శిక్ష ఉండాలన్న భావన ఎంత పాతదో, ఆ శిక్ష కులరూపంలో పడడమూ అంత పాతదే. శపించే శక్తి గలవారి నొప్పి మాత్రమే ఇక్కడ కథగా నిలిచింది. హాస్యంపై ఆక్షేపణ వచ్చినప్పుడు మాటలోని అసభ్యతతో పాటు ఆక్షేపించేవారి బలాన్ని కూడా విమర్శ తూచవలసి ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదన. ఇందుకు ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలాటను, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనను నిషేధించిన ‘చింతామణి’ నాటకాన్ని పరిశీలనకు తీసుకోవడమైనది.

నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఈ ఆటలో రామాయణ, భారత కథల నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరమీదికి వస్తారు. వారి సంభాషణల్లో బూతు బాహాటమే. రామకథకు భక్తితో కూర్చున్న ప్రేక్షకులే దానికీ నవ్వుతారు. హిందూపురం దాటి కన్నడ సీమకు వెళితే ఈ హాస్యగాడు కిళ్ళేక్యాత. బొమ్మలాడించే కులానికే ఆ పేరు స్థిరపడింది. 1565 తరువాత విజయనగర రాజధాని అయిన పెనుకొండ కూడా ఈ ప్రాంతంలోనిదే. ఆ సామ్రాజ్యం చుట్టూ అల్లుకొన్న వికటకవి కథల్లో హాస్యకారునికి రాజే రక్ష. బొమ్మలాటలో ఆ రక్ష ఊరి సమ్మతి. అయితే ఆ సమ్మతి ఎవరిది? బంగారక్కను అడ్డుపెట్టుకొని స్త్రీలపై విసిరే మాటలు ఏ ప్రభుత్వ ఉత్తర్వుకూ కారణం కాలేదు. స్త్రీల మౌనాన్ని సమ్మతిగా లెక్కగట్టడం సాధ్యం కాదు.

వరవిక్రయంలో కట్నాన్ని, మధుసేవలో తాగుడును ఖండించిన కాళ్ళకూరి నారాయణరావు, ‘చింతామణి’లో వేశ్యాలోలతను ఖండించారు. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్య సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఈ బాధను తోసిపుచ్చలేం. రంగస్థలంపై నటులు మూలంలో లేని ద్వంద్వార్థాలను చేర్చి ఆ పాత్రను పెంచారు. ఒక కులం నడక, మాట, వేషం నవ్వుకు సరుకయ్యాయి. కాని అవే ద్వంద్వార్థాలకు చింతామణి, ఆమె తల్లి శ్రీహరి కూడా గురి అయ్యారు. కులవృత్తి పేరిట వేశ్యావృత్తిని అంటగట్టిన స్త్రీల గౌరవం ఈ వివాదంలో ప్రధాన ప్రశ్న కాలేదు. పైగా చేర్పులలో దోషం ఉంటే, నిషేధం నాటకం మొత్తంపై పడింది. పద్యనాటకంపై బతికే నటులు, హార్మోనిస్టులు ఆ భారం మోయవలసి వచ్చింది.

రాజ్యాంగంలోని 19(2) అధికరణం సభ్యత, నైతికత, శాంతిభద్రతల పేరిట పరిమితులను అనుమతిస్తుంది. అయినా ఆందోళనల బెదిరింపు భావప్రకటనను అణచడానికి కారణం కారాదని రంగరాజన్ కేసులో (1989) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దీనర్థం ప్రతి అవహేళననూ సమర్థించాలని కాదు. భరతుడు స్మితం నుండి అతిహసితం వరకు నవ్వును ఆరు విధాలుగా, మళ్ళీ ఆత్మస్థం, పరస్థం అని రెండుగా విభజించాడు. ఎంత నవ్వు, ఎక్కడి నుండి పుట్టిన నవ్వు అన్న ఈ విచక్షణకు ‘ఎవరి మీది నవ్వు’ అన్న ప్రశ్నను నేటి విమర్శ జోడించాలి. బలహీనుని లోపంపై నవ్వును ఖండించడానికి నిషేధం అవసరం లేదు. మూలానికీ చేర్పుకూ మధ్య గీత గీయగల విమర్శ చాలు. నిషేధం ఆ గీతనే చెరిపివేస్తుంది. దోషానికి సాక్ష్యమైన ప్రదర్శననూ కనబడకుండా చేస్తుంది.

కనుక పరిశోధకుల ముందున్న పని రెండు విధాలు. ప్రదర్శన పాఠాలను బూతుతో సహా, స్థలకాలాలతో నమోదు చేయడం మొదటిది. ఒక పాత్ర విషయంలో అడిగిన ప్రశ్నను అన్ని పాత్రల విషయంలోనూ అడగడం రెండవది. సుబ్బిశెట్టి విషయంలో నొచ్చుకొని, శ్రీహరి, బంగారక్కల విషయంలో నవ్వే విమర్శకు న్యాయం చెప్పే అర్హత ఉండదు.