చెయ్యి తీసెయ్ తాతయ్యా

పోయిన ఆదివారం మా నాలుగున్నరేళ్ల మనవరాలు ఫోన్‌లో ఏనుగుకు రంగు వేస్తోంది. తొండం పూర్తయ్యేలోపు మూడు ప్రకటనలు అడ్డొచ్చాయి. ఒకటి మూసెయ్యబోతే దాని వేలు పడ్డచోట ఏదో దుకాణం తెరుచుకుంది. నాకు ఒళ్లు మండింది. ఆట ఉచితమే. కానీ ఆ చిట్టి వేలు ఎప్పుడు పొరబడుతుందా అని ఎవరో కాచుక్కూర్చున్నారు.

మర్నాడే అటక మీది పాత ల్యాప్‌టాప్ దించి లినక్స్ వేశాను. పిల్లల ఆటల జీకాంప్రి, బొమ్మలు గీసే టక్స్ పెయింట్ ఎక్కించాను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే నాకు పట్టుదల. జీకాంప్రిని 2000లో బ్రూనో కుద్వాన్ అనే ఫ్రెంచి ఇంజినీరు మొదలుపెట్టాడు. జీకాంప్రి అని పలికితే ఫ్రెంచిలో ‘నాకర్థమైంది’ అన్నట్టు వినిపిస్తుంది. బిల్ కెండ్రిక్ 2002లో మొదలుపెట్టిన టక్స్ పెయింట్ తెలుగులోనూ ఉంది. బొమ్మ దాచేటప్పుడు అది పేరు అడగదు. అక్షరాలు రాని పిల్ల తన పాత బొమ్మలను చూసే పోల్చుకుంటుంది. ఇంత దూరం ఆలోచించినవాళ్లకు దణ్ణం పెట్టాలి.

ఏ చదువైనా చేయి పట్టుకుని దిద్దించాలని నా నమ్మకం. నాకు పళ్లెంలో బియ్యం మీద ఓనమాలు దిద్దించింది మా నాన్నగారు. తర్వాత పలక. బొగ్గూ దొండాకు పసరూ కలిపి రుద్ది, ఎండలో పెట్టి నిగనిగలాడించేవాళ్లం. బలపం నా వేళ్లలో, నా వేళ్లు ఆయన గుప్పిట్లో. ‘అ’ మెలి తిరిగే చోట ఆయన చెయ్యి కాస్త బరువయ్యేది. ఆ బరువు ఇప్పటికీ నా చేతికి తెలుసు.

అందుకే మౌస్ మీది మనవరాలి చేతిపై నా చెయ్యి వేశాను. అది జీకాంప్రిలోని ఓ ఆట: బొమ్మను కప్పిన గళ్ల మీదుగా బాణం తిప్పితే చాలు, గళ్లు చెరిగిపోయి అడుగునున్న బొమ్మ బయటపడుతుంది. నొక్కక్కర్లేదు. “చెయ్యి తీసెయ్ తాతయ్యా” అంది.

తీసేశాను. బాణం మూలకు పారిపోయింది, మళ్లీ వచ్చింది, అడ్డదిడ్డంగా తిరిగింది. తిరిగిన ప్రతిచోటా ఓ గడి చెరిగింది. ‘అ’కు ఒకటే దారి, అది పెద్దవాళ్ల చేతిలోంచే దిగాలి. ఇక్కడ తప్పుదారి అన్నదే లేదు. నేను పట్టుకుంటే దాని దారి పోయి నా దారి మిగిలేది. పొరపాటు కోసం పొంచి ఉన్నవాళ్లూ లేరు కనుక, లేచి వంటింట్లోకి వెళ్లగలిగాను.

ఇప్పుడు వెంటవెంటనే రెండుసార్లు నొక్కే ఆట దగ్గర ఆగింది. రెండో నొక్కుకు వేలు ఆలస్యమవుతోంది. మూడు రోజులైంది, ఒక్క గడీ పోలేదు. పక్కనే కూర్చుంటున్నాను, చేతులు ఒళ్లో పెట్టుకుని.