తెలుగు విద్యార్థుల ఆంగ్లోచ్చారణ: దోషపట్టికల పరిమితి – మైదుకూరు ప్రాంత నేపథ్యం

1. ఉపోద్ఘాతం:

మాతృభాషకూ లక్ష్యభాషకూ గల భేదాలను బట్టి అభ్యాసకుని కష్టాలను ముందుగానే గుర్తించవచ్చునని 1957లో రాబర్ట్ లాడో ప్రతిపాదించారు. ఆంగ్లోచ్చారణపై వెలువడే వ్యాసాలలో అధికభాగం నేటికీ ఈ వ్యత్యాస విశ్లేషణనే అనుసరిస్తూ, తెలుగులో లేని ధ్వనుల పట్టికనే దోషాల పట్టికగా చూపుతున్నాయి. మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల భాషాస్థితి ముందు ఆ పట్టిక ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ఏ తెలుగు ఆధారం?:

1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, అనంతరం వెలువరించిన నిఘంటువులో చ, జల తాలవ్య, దంత్య ఉచ్చారణలను వేరుపరచి చూపారు. దేశ్యపదాలలో ఇకార, ఎకారాల ముందు తాలవ్యం, అకార, ఉకార, ఒకారాల ముందు దంత్యం వస్తాయి. అందువల్ల 'జూ' అనే మాటలో ఆంగ్లధ్వనికి చేరువయ్యే విద్యార్థి, 'జీరో'లో తాలవ్య జకారం వైపు జారడం సహజం. ధ్వని 'ఉంది', 'లేదు' అన్న విభజన ఈ పరిసరభేదాన్ని చూపలేదు. అలాగే 'ఫలం' అనే మాటను సైతం ఓష్ఠ్యదంత్యంగా పలికే తెలుగువారు అనేకులుండగా, ఫకారాన్ని అందరికీ కష్టమైన ధ్వనిగా చేర్చడం లిపిని చూసి చేసిన నిర్ణయమే.

ప్రాంతభేదమూ విస్మరణీయం కాదు. 'క్యాట్'లోని అచ్చుకు దగ్గరి ధ్వని 'వచ్చాడు' వంటి రూపాలలో వినిపిస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి దీనిని ఆధునిక తెలుగులో వర్ణంగా గుర్తించారు. అయితే కడప వ్యవహారంలో 'వచ్చినాడు' అనే రూపం ప్రచురం. కోస్తా శిష్టభాషను తెలుగంతటికీ ప్రమాణంగా తీసుకొన్న పట్టిక ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది.

3. ఒకే తరగతి, రెండు మాతృభాషలు:

ఈ ప్రాంతపు తరగతి గదులలో తెలుగు, ఉర్దూ మాతృభాషలవారు కలసి చదువుతారు. తెలుగు విద్యార్థికి కష్టమైన 'జీరో' ఆద్యధ్వని ఉర్దూ విద్యార్థికి ఇంటిలోనే లభిస్తుంది. 'స్కూలు'కు ముందు ఇకారం చేరడం మాత్రం ఇరువురిలోనూ కనిపించవచ్చు. పదాదిలో సంయుక్తాక్షరాలు సమృద్ధిగా గల పష్తోలో తెలుపుకు 'స్పీన్' అని పేరు. ఆ భాషీయునికి ఈ ఇబ్బంది స్వల్పం. కనుక 'భారతీయుల దోషాలు', 'ఆసియావారి దోషాలు' అనే స్థూల విభజనలు బోధనకు ఉపకరించవు.

4. ధ్వని కంటె బలాఘాతం:

తెలుగులో పదార్థాన్ని భేదింపజేసే బలాఘాతం లేదు. 'ఫొటోగ్రాఫ్', 'ఫొటోగ్రఫీ' మాటలలో ఊనిక స్థానం మారుతుందని చెప్పకపోతే విద్యార్థి ప్రతి అక్షరాన్నీ సమంగా పలుకుతాడు. అక్షరానుసారం చదివే లిపి అలవాటు 'వాక్డ్'ను 'వాకెడ్'గా మారుస్తుంది. భారతీయుల ఆంగ్లం శ్రోతకు ఎంతవరకు బోధపడుతున్నదని 1969 నాటి గ్రంథంలో పరిశీలించిన ఆర్.కె. బన్సల్, బలాఘాత దోషాలను ముఖ్యావరోధాలలో ఒకటిగా గుర్తించారు. దోషపట్టికలు తరచుగా విడిచిపెడుతున్నది దీనినే.

5. ఉపసంహారం:

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమాన్ని ప్రవేశపెట్టే ఉత్తర్వులు 2019 నవంబరులో వెలువడ్డాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఆ వివాదంలో మాధ్యమం చర్చకు వచ్చినంతగా ఉచ్చారణ బోధన రాలేదు. దోషమని ముద్రవేయబడిన విద్యార్థి ముందుగా నోరు విప్పడమే మానుకొంటాడు. అతని పలుకులోని నియమాన్ని గుర్తించిన అధ్యాపకుడు మాత్రమే దానిని దాటించగలడు. కావున పరిశోధన పట్టికల నుంచి కాక, ఆయా ప్రాంతాల వ్యవహారభాష నుంచి ఆరంభం కావలసి ఉంది.