పట్టు, కూత, తీర్పు

విజయనగరము నుండి రాయ్‌పూరునకు పోవు రైలుమార్గమున, నియమగిరి చేరువనున్న మునిగుడను దాటునపుడు, ఈ సీమ 1936 ఏప్రిలు 1 వరకు విశాఖపట్టణము జిల్లాలోనిదే గదా యని తెలుగువానికి తోచక మానదు. పాలన మారినది, 1992లో ఈ సీమ గల రాయగడ కోరాపుట్టు నుండి విడివడి వేరు జిల్లా యైనది. ఒడియావారు కబడి యన్నను మనవారు చెడుగుడన్నను ఆట మాత్ర మొక్కటే. మెత్తని నేలయు, గీతలు గీయుటకొక పుల్లయు దానికి చాలును.

దీని తీరు తెలియుటకు మరియొక ఆటతో పోల్చి చూతము. అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్‌లో పెక్కు కలహములు దేహస్పర్శను గూర్చినవే. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డునందు జేమ్స్ నైస్మిత్ వ్రాసిన 13 నియమములలో భుజముతో గ్రుద్దుట, పట్టుట, త్రోయుట నిషిద్ధములు. మనుష్యులను కనిపెట్టుటకు అంపైరును, బంతిని కనిపెట్టుటకు రిఫరీని ఆయన వేరువేరుగ నియమించెను. అయినను, రక్షకుడు దారికడ్డము వచ్చెనా, నిలిచియున్నవానిపై దాడివాడే పడెనా యను వివాదము నేటికిని తెగలేదు. అక్కడ స్పర్శ దోషము. అందెంత క్షమింపవచ్చునో యెరుగుటయే తీర్పరి విద్య. చెడుగుడులో స్పర్శయే ఆట కావున, ఎట్లు పట్టెనన్నదే ప్రశ్న.

పట్టులలో మడమపట్టు నాకు మిక్కిలి ఇష్టము. కూతగాడు బోనస్ గీతకై కాలు చాచిన క్షణమున, దేహభారమంతయు రెండవ కాలిపై నుండగా, మూలనున్న రక్షకుడు వంగి, చాచిన చీలమండను రెండు చేతుల నొడిసిపట్టి వెనుకకు లాగవలెను. చేయి ముందు పడినచో కూతగాడు తాకి మధ్యగీత చేరును, తాకబడినవాడు బరి విడుచును. తొడపట్టునకు భుజము నానించి చేతులు వెనుక బిగింపవలెను. ఇద్దరు చేతులు కలిపి మూసికొనివచ్చు గొలుసు చూపులకు మోటుగనే యుండును గాని, అందొకని తొందర ఇద్దరిని చెరచును. నిజమునకు మొదటి పట్టు పడగొట్టుట కంటె, తోడివారు వచ్చి మీదపడువరకు ఆపుటకే. ముగ్గురో, అంతకు తక్కువమందో మిగిలినపుడు పట్టగలిగిన అదనముగ నొక పాయింటు లభించుట ఈ సాహసమునకు తగిన వెలయే.

పట్టదగినవి కాలుసేతులును మొండెమును మాత్రమే. జుట్టు, దుస్తులు పట్టరాదు, కాళ్లతో కత్తెరవేయరాదు, కూత నాపుటకై నోరు మూయుట ఘోరదోషము. ఇరుప్రక్కల లాబీల నియమము మరింత చమత్కారమైనది: స్పర్శ జరుగువరకు అవి బరికి వెలుపల, స్పర్శ జరిగినతోడనే పెనుగులాటకై బరిలో చేరును. హద్దులే కదలుచున్న ఆటకు తీర్పు చెప్పుట సులభమా?

ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు ఉందురు. పూర్వము ఊపిరి యెంత నిలిచిన కూత అంత. నేడు 30 సెకండ్ల గడియారము వచ్చినది. కూత తెగరాదను నియమ మిప్పటికిని కలదు గాని, జనసమ్మర్దపు కేకలలో అంపైరు చెవికంటె గడియారమునే యెక్కువగ నమ్ముచున్నాడని నా యభియోగము. ఐదారుగురు మీదపడి కుప్పయైనపుడు, క్రిందనున్నవాని కంఠమున కబడ్డీ యను మాట ఇంకను నలుగుచున్నదో లేదో వినుచు, అతని వ్రేలికొన మధ్యగీతను తాకెనా యని వంగి చూచుచు, ఈల నోటనుండియు ఊదక నిలుచు అంపైరును ఒక్కమారు గమనింపుడు.