ఏకాంతానికి మూల్యం: చోళమండల్ కళాకారుల గ్రామం - పరిశీలన

వ్యాస సంగ్రహం

నగరానికి దూరంగా, పల్లెపట్టున కళాకారులు నివసిస్తూ సృజన సాగించే కేంద్రాలను గురించిన చర్చ సాధారణంగా ప్రకృతి, ప్రశాంతత, ఏకాంతం అనే మూడు మాటల చుట్టూ తిరుగుతుంది. ఆ ఏకాంతాన్ని ఎవరి శ్రమ నిలబెడుతున్నదన్న ప్రశ్న మాత్రం వెనుకబడుతుంది. 1966లో మద్రాసు సమీపాన ఏర్పడిన చోళమండల్ కళాకారుల గ్రామాన్ని ఈ ప్రశ్న ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: చోళమండల్, కె.సి.ఎస్. పణిక్కర్, మద్రాసు కళోద్యమం, బాతిక్, హస్తకళ, రెసిడెన్సీ

1. ఉపోద్ఘాతం

పల్లెలో కళాకారులకు వసతి కల్పించే ఆధునిక సంస్థలలో అమెరికాలోని మెక్‌డోవెల్ పేరెన్నికగన్నది. సంగీతకర్త ఎడ్వర్డ్ మెక్‌డోవెల్, ఆయన భార్య మేరియన్ 1907లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని పీటర్‌బరో వద్ద దీనిని స్థాపించారు. అడవి నడుమ విడివిడి కుటీరాలు. పనికి అంతరాయం కలగకుండా మధ్యాహ్న భోజనాన్ని బుట్టలో పెట్టి గుమ్మం దగ్గర ఉంచి వెళ్ళే ఆచారం. అతిథులు ఈ బుట్టను ప్రేమగా తలచుకుంటారు. కాని ఆ బుట్ట నిండడానికి, భర్త మరణానంతరం మేరియన్ దశాబ్దాల పాటు ఊరూరా పియానో కచేరీలు చేస్తూ, ఉపన్యాసాలిస్తూ నిధులు సేకరించవలసి వచ్చింది.

శాంతినికేతన్ చరిత్రలోనూ ఇటువంటిదే కనిపిస్తుంది. 1919లో మొదలైన కళాభవన్‌లో నందలాల్ బోస్, రామ్‌కింకర్ బేజ్, వినోద్ బిహారీ ముఖర్జీ వంటివారు పల్లె వాతావరణంలో బోధన, సృజన సాగించారు. తెలుగు చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు అక్కడ నందలాల్ వద్ద శిక్షణ పొందారు. ఆ సంస్థను నిలబెట్టడానికి రవీంద్రనాథ్ ఠాగూర్ వార్ధక్యంలో సైతం నృత్యరూపక బృందంతో నగరాలు తిరిగి విరాళాలు సమకూర్చారు.

ఈ రెండు చోట్లా సంస్థకు ధనం కూర్చే భారం ప్రధానంగా ఒకరిది, అక్కడ ప్రశాంతంగా పనిచేసుకొనే అవకాశం మరొకరిది. చోళమండల్‌లో ఈ రెండూ ఒకే చేతిలోకి వచ్చాయి. అక్కడి అనుభవం ప్రత్యేకతకు మూలం ఇదే.

2. చోళమండల్ ఆవిర్భావం

కె.సి.ఎస్. పణిక్కర్ (1911-1977) దేవీప్రసాద్ రాయ్ చౌదరి శిష్యులు. 1957 నుండి మద్రాసు ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపల్. ప్రతిభ గల విద్యార్థులు చదువు ముగించిన తరువాత బతుకుతెరువు కోసం ఏదో ఒక ఉద్యోగంలో చేరి చిత్రకళను విడిచిపెట్టడం ఆయన గమనించారు. ఆ రోజుల్లో మద్రాసులో ఆధునిక చిత్రాలు కొనేవారు బహు స్వల్పం. అమ్ముడుపోయే చిత్రాలు వేయమని శిష్యులకు చెప్పడం ఆయనకు సమ్మతం కాదు. చిత్రం అమ్ముడు పోకపోయినా చిత్రకారుడు బతికే మార్గం వెదకాలి.

ఆ మార్గం హస్తకళ. కళాకారులు సంఘంగా ఏర్పడి బాతిక్ వస్త్రాలు, లోహపు వస్తువులు, ఇతర అలంకరణ సామగ్రి తయారుచేసి అమ్మారు. అలా కూడిన సొమ్ముతో మద్రాసుకు దక్షిణాన, మహాబలిపురం దారిలో, ఇంజంబాక్కం అనే సముద్రతీర గ్రామం వద్ద సుమారు 10 ఎకరాల నేల కొన్నారు. దాదాపు ముప్పై మంది ఇందులో భాగస్వాములు. తొలి నివాసాలు పాకలే. నెలల లెక్కన వచ్చిపోయే అతిథులు కారు వీరు. సొంత నేల మీద కాపురం పెట్టినవారు. ఈ కారణం చేత చోళమండల్‌ను నేటి అర్థంలో రెసిడెన్సీ అనడం కంటే వృత్తిదారుల ఊరు అనడం సమంజసం.

3. చేతిపని - కళ

చోళమండల్‌ను ప్రశంసించే విమర్శ సాధారణంగా ‘స్వావలంబన’ అనే మాట వద్ద ఆగిపోతుంది. ఈ దృష్టిలో బాతిక్ కేవలం ఆదాయ మార్గం. అసలైన కళ దానికి అవతల ఉంటుంది. ఈ విభజన అక్కడి కృతులను పరిశీలిస్తే నిలవదు.

మైనం, రంగు తొట్టి, రాగిరేకు, సుత్తి - వీటితో రోజూ చేసిన పని చిత్ర శిల్పాలలోకి ప్రవేశించింది. పణిక్కర్ కుమారుడు, శిల్పి ఎస్. నందగోపాల్ (1946-2017) రాగి, ఇత్తడి రేకులను అతికి, వెండిపూత, ఎనామెల్ చేర్చి, ముందు నుండి చూడవలసిన శిల్పాలు రూపొందించారు. ఆ నైపుణ్యంలో కంసాలి పనితనం, ఆలయ లోహశిల్ప సంప్రదాయం రెండూ ఉన్నాయి. ఒకప్పుడు మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాలలో చిత్రకళ బోధించి, అనంతరం చోళమండల్‌లో స్థిరపడిన జె. సుల్తాన్ అలీ చిత్రాలలో జానపద, గిరిజన రూపాలు దట్టమైన రేఖలతో, లిపిని పోలిన అక్షరాలతో కలసి ఉపరితలమంతా పరచుకుంటాయి. రేఖకు, అలంకరణకు మద్రాసు కళోద్యమం ఇచ్చిన ప్రాధాన్యానికి చేతిపని ఏకైక కారణం కాకపోవచ్చు. కాని దానిని పక్కన పెట్టి ఆ ప్రాధాన్యాన్ని వివరించలేం.

తెలుగు పాఠకునికి ఈ విషయం కొత్త కాదు. కోరమాండల్ అన్న పేరుకు మూలం చోళమండలమే. ఆ తీరంలోని మచిలీపట్నాన్ని 17వ శతాబ్దంలో విదేశీ వర్తకులకు ప్రీతిపాత్రం చేసిన సరకులలో అద్దకపు బట్టలు ముఖ్యమైనవి. శ్రీకాళహస్తి కలంకారీలో చిత్రకారుడెవరో, పనివాడెవరో విడదీయడం సాధ్యం కాదు. ఆధునిక కళాశాల విడదీసిన ఆ ఇద్దరినీ చోళమండల్ అవసరం కొద్దీ మళ్ళీ ఒకచోటికి చేర్చింది.

అయితే దీనిని ఆదర్శంగా మాత్రమే చూపడం కూడా పొరపాటే. బాతిక్ కొనేది కూడా అంగడే. చిత్రాన్ని అంగడి నుండి కాపాడడానికి కళాకారుడు తన పొద్దులో కొంత భాగాన్ని అదే అంగడికి అప్పగించాడు. స్వేచ్ఛ లభించింది, కాని రోజులో కొన్ని గంటలకు మాత్రమే.

4. సహజీవనం - దాని పరిమితులు

కలసి బతకడం వల్ల కలిగిన మేలు, అందులోని లోటు రెండూ కె. రామానుజం జీవితంలో కనిపిస్తాయి. మానసిక అస్వస్థతతో బాధపడిన ఈ చిత్రకారుణ్ణి పణిక్కర్ చేరదీసి కళాశాలలో ప్రవేశం కల్పించారు. చోళమండల్‌లో ఉంటూ ఆయన సన్నని సిరాగీతలతో కలల నగరాలను, రెక్కల స్త్రీలను, సర్పాలను, వాటి నడుమ టోపీ ధరించిన తన రూపాన్ని చిత్రించారు. బయటి ప్రపంచంలో నిలదొక్కుకోలేని మనిషికి ఆ ఊరు చోటిచ్చింది, పని ఇచ్చింది. అయినా 1973లో, ముప్పైల వయస్సులోనే, ఆయన ఆత్మహత్య చేసుకున్నారు.

ఈ మరణాన్ని ఊరి వైఫల్యంగా తీర్పు చెప్పడం అన్యాయం. దీనిని ‘ప్రతిభావంతుని విషాదం’గా అలంకరించడం అంతకంటె అన్యాయం. పని చోటు, తోటివారి సాంగత్యం కళాకారుడికి అవసరమే. అవి వైద్యానికి, ఆత్మీయతకు ప్రత్యామ్నాయం కావు. ఏకాంతం అందరికీ ఒకే విధంగా మేలు చేస్తుందన్న నమ్మకాన్ని రామానుజం జీవితం ప్రశ్నిస్తుంది.

మరొక మౌనం స్త్రీలకు సంబంధించినది. అర్నవాజ్, అనీలా జేకబ్ వంటి కొద్దిమంది కళాకారిణులు ఈ ఉద్యమంలో కనిపిస్తారు. కాపురాలతో నిండిన ఊరిలో వంట, నీరు, పిల్లల పెంపకం ఎవరి పొద్దును తిన్నాయన్నది చోళమండల్ వృత్తాంతాలలో అరుదుగా వినిపిస్తుంది. మెక్‌డోవెల్‌లో భోజనపు బుట్ట కళ్ళ ఎదుట ఉంది. ఇక్కడ అది కనబడదు.

5. ఊరు - కాలం

అందరూ అక్కడే ఉండిపోలేదు. వి. విశ్వనాథన్, అక్కితం నారాయణన్ 1960ల చివరలోనే పారిస్‌కు తరలారు, ఎస్.జి. వాసుదేవ్ తరువాతి కాలంలో బెంగళూరు చేరారు. ఉన్నవారి చుట్టూ నగరమే నడిచి వచ్చింది. సరుగుడు తోపుల, జాలరి పల్లెల దారి నేడు వాహనాలతో కిక్కిరిసిన ఈస్ట్ కోస్ట్ రోడ్డు. నేల విలువ తక్కువగా ఉన్న కాలంలోనే, బాతిక్ సొమ్ముతో అటువంటి ఊరు సాధ్యపడింది. ఈనాటి కళాకారులు అదే పద్ధతిని అనుసరించాలన్నా ఆ తీరంలో అంత నేల కొనగలగడం ఊహకు అందదు. పణిక్కర్ దూరదృష్టితో పాటు ఈ ఆర్థిక పరిస్థితిని కూడా చరిత్రలో నమోదు చేయాలి.

6. ముగింపు

చోళమండల్ అనుభవం నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి: పల్లెలో కళాకారుడికి దొరికే ఏకాంతం ప్రకృతి ప్రసాదించినది కాదు, శ్రమతో కొన్నది. రెండు: ఆ శ్రమ కళాకారుడిదే అయినప్పుడు అది కృతి రూపాన్ని కూడా ప్రభావితం చేస్తుంది, కాబట్టి హస్తకళను జీవనోపాధి అధ్యాయంలో ఉంచి కళను వేరుగా చర్చించడం అసమగ్రం. మూడు: కలసి బతికే చోటు బలహీనుడికి ఆసరా ఇవ్వగలదు, కాని పూర్తి రక్షణ ఇస్తుందని భావించరాదు.

కళ కళ కోసమా, ప్రజల కోసమా అన్న చర్చ తెలుగు విమర్శలో సుదీర్ఘంగా సాగింది. కళాకారుడి పొద్దు ఎలా గడిచింది, ఆ పూట పొయ్యి ఎవరు వెలిగించారు అన్న ప్రశ్నలకు అందులో దక్కిన చోటు తక్కువ. కళాకారుల ఆవాసాల మీద పరిశోధన చేసేవారు చిత్రాల జాబితాతో పాటు జమాఖర్చుల పుస్తకాన్ని, దినచర్యను, వంటింటిని కూడా ఆధారాలుగా స్వీకరించవలసి ఉంది.