పానా పట్టే చోటు

రేసు కారు సస్పెన్షన్ గీయడానికి వచ్చే పిల్లల చేతికి నేను మొదట ఇచ్చేది రూల్ బుక్కే. స్ప్రింగుల లెక్కలు ఆ తర్వాత.

మా విళాత్తికుళం వైపు, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ఈ పిల్లలకు కోవిల్‌పట్టి లక్ష్మీ మిల్లు తెలియనిది కాదు. కోయంబత్తూరులో ఆ మిల్లుల కుటుంబానికి చెందిన నాయుడుగారబ్బాయి సుందరం కరివర్ధన్. 1980ల చివర మారుతి 800 ఇంజన్‌తో ఒంటి సీటు ఫార్ములా మారుతి కారు తయారుచేసి, మామూలు కుర్రాళ్లకూ రేసింగ్‌ను అందుబాటులోకి తెచ్చాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. చెట్టిపాళయంలో 2003లో తెరిచిన ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. ఇంజనీరింగ్ విద్యార్థుల ఫార్ములా భారత్ పోటీలు అక్కడే జరుగుతాయి.

పోటీకి ముందు టెక్నికల్ ఇన్‌స్పెక్షన్. డ్రైవరు కూర్చుని ఉండగా చక్రం పైకీ కిందికీ కలిపి కనీసం 50 మిల్లీమీటర్లు కదలాలి. నున్నటి తారు మీద ఇంత ఎందుకని పిల్లలు అడుగుతారు. కదలని సస్పెన్షన్‌తో మలుపులో టైరు నేల వదిలేస్తుంది, అందుకు. 57 మిల్లీమీటర్లు నలిగే షాక్ అబ్జార్బర్ కొన్నారనుకోండి. చక్రం 10 కదిలితే షాకు 12 నలిగేలా లింకులు అమర్చితే చక్రానికి దక్కేది 47.5. కారు కట్టకముందే, కాగితం మీదే ఓడిపోయినట్టు. ఈ లెక్క చివర్లో సరిచూసుకునేది కాదు, గీత గీసేటప్పుడే వేసుకోవాలి.

ఇంకో నియమం: సస్పెన్షన్ ఆర్మ్ కొసన ఉండే గుండు కీలుకు (రాడ్ ఎండ్) ఒక వైపే ఆధారం ఉంటే, గుండు కూర్చునే రింగు లోపలి రంధ్రంకన్నా పెద్ద బోల్టు తల గానీ వాషర్ గానీ ఉండాలి. గుండు ఊడినా ఆర్మ్ బోల్టు మీంచి జారిపోదు. రూపాయల్లో దొరికే ఆ వాషర్ వెనక, ఎక్కడో చక్రం ఊడిపోయిన కారు ఉండే ఉంటుందని నాకనిపిస్తుంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది, సస్పెన్షన్ బిగించిన ప్రతి చోటూ తనిఖీదారుకు కనబడాలన్న నియమం. నేరుగా గానీ, కవరు తీస్తే గానీ. కనబడే బోల్టునే ఎవరైనా బిగించగలరు, వదులైతే పట్టుకోగలరు. అందుకే కంప్యూటర్ తెర మీద ఎంత అందమైన డ్రాయింగ్ తెచ్చినా నేను ఒక్కో బోల్టు మీద వేలు పెట్టి అడుగుతాను: “దీనికి పానా ఎటునుంచి పెడతావు నాయనా?”